నూనె మార్చారా, మార్చామన్నారా?

(విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక అపార్ట్‌మెంటు సంఘం ఆదివారం సమావేశంలో, ఉక్కు కర్మాగారంలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైన మన సభ్యుడొకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా? మైకు కాస్త గరగరమంటోంది. ఫ్యాను మాత్రం తగ్గించకండి, ఈ ఉక్కలో మైకు కన్నా ఫ్యానే ముఖ్యం.

సెక్రటరీగారు ఫోన్ చేసి కార్ల గురించి ఏదైనా చెప్పండి అన్నారు. ఏదైనా అంటే కష్టమండీ. అందుకని ఒక్క విషయమే పట్టుకుంటాను. ఇంజన్ ఆయిల్ మార్పించడం. ఇంత చిన్నదానికి ప్రసంగమా అని కొందరు నవ్వుతున్నారు, కనపడుతోంది నాకు. చిన్నదే. చిన్నది కాబట్టే మనం చూడం.

ఒకసారి చేతులెత్తండి. సర్వీసు నుంచి బండి ఇంటికొచ్చాక బానెట్ తీసి, గేజ్ బయటికి లాగి, నూనె ఎంతుందో చూసినవాళ్లు ఎంతమంది? ఒకటి... రెండు. అంతేనా? అందులో ఒకటి మా ఆవిడది. ఆవిడ నా మొహం చూసి ఎత్తింది.

చూశారా మరి. బట్టలు కుట్టడానికి ఇస్తే తొడుక్కోగానే తెలిసిపోతుంది, చంక దగ్గర పట్టేసిందో లేదో. బ్రేకులు సరిగ్గా వెయ్యకపోతే గేటు దాటకముందే తెలుస్తుంది. ఏసీ బాగుచెయ్యకపోతే మద్దిలపాలెం వచ్చేసరికి చొక్కా తడుస్తుంది. నూనె సంగతి? మార్చకపోయినా బండి స్టార్టవుతుంది. తప్పుడు నూనె పోసినా స్టార్టవుతుంది. నూనెలో మడ్డిని వడకట్టే ఫిల్టరు పాతదే ఉంచేసినా స్టార్టవుతుంది. రెండేళ్ల తర్వాత ఇంజన్ మోత మొదలైతే, అది ఏ సర్వీసులో చేసిన పాపమో ఎవరు చెప్పగలరు? అప్పటికి ఆ కుర్రాడు అక్కడ ఉండడు. మీరు కారు అమ్మేసి కూడా ఉండొచ్చు. తప్పు చేసిన రోజుకీ అది బయటపడే రోజుకీ ఇంత దూరం ఉన్న పని కారులో ఇంకోటి లేదు. అందుకే దీన్ని పట్టుకున్నాను.

మా ప్లాంటులో ఒక గేర్‌బాక్సులో నూనె మార్చారంటే ఎవరు పోశారు, ఎంత పోశారు, ఏ గ్రేడు పోశారు, అన్నీ లాగ్‌బుక్‌లో ఎక్కేవి. కింద సంతకం. మధ్యమధ్యలో శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపేవాళ్లం. మనుషుల మీద నమ్మకం లేక కాదు. నాతో ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు, పెళ్లిళ్లకీ చావులకీ వెళ్లినవాళ్లం. అయినా సంతకం ఉండేది. ఎవరూ చిన్నబుచ్చుకునేవారు కాదు. అక్కడ అన్నేళ్లు అలా పనిచేసి, ఇంటికొచ్చాక నా సొంత కారుని మాత్రం తాళాలు చేతికిచ్చి, సాయంత్రం తుడిచి ఇస్తే, బిల్లు కట్టి తెచ్చుకునేవాణ్ణి. ఇదేం న్యాయం?

సరే, నా కథ చెబుతాను. షోరూం పేరు అడగొద్దు, చెప్పను.

నాలుగేళ్ల కిందటి మాట. కారు సర్వీసుకి ఇచ్చేముందు రోజు రాత్రి ఏదో పురుగు తొలిచింది నన్ను. మా ఆవిడ గోళ్ల రంగు సీసా తీసుకుని, సెల్లార్లోకి వెళ్లి, కారు కింద తల పెట్టి, ఆయిల్ ఫిల్టరు డబ్బా మీదే ఒక పక్క చిన్న చుక్క పెట్టాను. మెరూన్ రంగు. కందిగింజంత. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదింటికి ఇచ్చాను, అయిదింటికి వచ్చింది. బండి ఎంత బాగుందనుకున్నారు! టైర్లకి నల్ల పాలిష్, కాళ్ల దగ్గర కాగితం, అగరుబత్తి వాసన. బిల్లులో ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు, అన్నీ వేరువేరుగా రాశారు. ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే, నా మెరూన్ చుక్క అలాగే ఉంది. చెక్కు చెదరలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అనేది, అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు వెళ్లాను. గొడవ పడలేదండీ. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడిని పిలిచి, లిఫ్ట్ మీద ఎక్కించి చుక్క చూపించాను. వాడి మొహంలో నెత్తురు లేదు. "సార్, కొత్త హెల్పర్ సార్, మర్చిపోయి ఉంటాడు." మేనేజరు వచ్చి, నా ఎదురుగానే మార్పించి, క్షమాపణ చెప్పాడు. జాబ్ కార్డు చూపించమన్నాను. అందులో ఇరవయ్యో ముప్పయ్యో గళ్లు ఉన్నాయి. అన్నింట్లోనూ టిక్కులు. ఒకే పెన్ను, ఒకే వాలు, పైనుంచి కిందకి ఒకే ఊపులో గీసినవి. పని చేస్తూ ఒక్కోటీ పెట్టిన టిక్కులు అలా ఉండవు. ఆ ఫిల్టరు స్టోర్లోంచి అయితే బయటికొచ్చింది, బిల్లు పడింది. నా కారులోకి రాలేదు. మరెక్కడికెళ్లిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇది విని మీరు, అయితే షోరూములన్నీ దొంగలే, రోడ్డు పక్క మెకానిక్కే మంచివాడు అనుకుంటే, ఆగండి. ఆగండి. దానికీ వస్తున్నాను.

కంచరపాలెం వైపు ఒక మేస్త్రి ఉన్నాడు. వయసు యాభై పైనే. ఆయన నూనె మారుస్తుంటే పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. డ్రెయిన్ బోల్టు విప్పాడు, నూనె తీగలాగా సాగి సాగి చుక్కల్లోకి వచ్చేదాకా కదల్లేదు. బోల్టుకున్న పాత వాషరు గోటితో ఊడదీశాడు. చిన్న రేకు డబ్బాలోంచి కొత్తది తీశాడు. బోల్టుని గుడ్డతో తుడిచి, పానా ముట్టుకోకుండా, వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిప్పాడు. ఎందుకయ్యా అంటే, "ముందు వేళ్లతో ఎక్కాలి బాబూ, పానా ఆఖర్న. వేళ్లకి అడ్డం తగిల్తే థ్రెడ్డు తప్పినట్టే" అన్నాడు. ఎంత బాగా చెప్పాడండీ! ఎయిర్ గన్ను పెట్టి టర్రుమని బిగించేవాళ్లకి ఇది తెలీదు. చాంబరు, అంటే ఇంజన్ కింద నూనె నిలిచే గిన్నె, అల్యూమినియంది, బోల్టు ఇనుపది. బలంగా బిగిస్తే ఏది పోతుంది? మెత్తగా ఉన్నది పోతుంది. వంద రూపాయల పనికి చాంబరే మార్చుకోవాల్సి వస్తుంది. పైగా మనది సముద్రం గాలి. బీచ్ రోడ్డు పక్క ఇళ్లవాళ్లని అడగండి, బండి కింద బోల్టులు ఎలా తుప్పుపడతాయో.

అంత బంగారంలాంటి చెయ్యి. అదే మేస్త్రి, పని అయ్యాక, మూలనున్న పీపాలోంచి మగ్గుతో నూనె ముంచుకొచ్చాడు. ఏ గ్రేడయ్యా అన్నాను. "20డబ్ల్యు-40 బాబూ. అన్నిటికీ ఇదే. ఏటీ అవ్వదు." నా కారు మాన్యువల్లో రాసింది 0డబ్ల్యు-20. నేను డిక్కీలో సీలు డబ్బా పట్టుకెళ్లాను కాబట్టి బతికిపోయాను.

చెయ్యి మంచిది, నూనె తప్పు. షోరూంలో నూనె సరైనది, చెయ్యి తప్పు. ఇప్పుడు చెప్పండి, బోర్డు చూసి ఎవర్ని నమ్ముతారు?

ఈ అంకెల గురించి ఒక్క నిమిషం. చాలామంది అనుకునేది ఏంటంటే, డబ్ల్యు అంటే వింటర్ కదా, విశాఖపట్నంలో చలెక్కడుంది, ఇక్కడి ఎండకి చిక్కటి నూనే మంచిది అని. వింటర్ అన్నది నిజమే. డబ్ల్యు ముందు అంకె చల్లగా ఉన్నప్పుడు నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. రెండో అంకె ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఇంజన్ వేడెక్కిందంటే అది లంబసింగిలో తెల్లారుజామునైనా, మే నెలలో గాజువాకలోనైనా, లోపల నూనె వేడి సుమారు అంతే. బయటి ఎండకి చిక్కటి నూనె అన్న లెక్క పాత ఇంజన్లది. ఇప్పటి ఇంజన్లలో సందులు సన్నం, కొన్నింట్లో వాల్వుల టైమింగు మార్చేది కూడా ఈ నూనె ప్రెషరే. అందుకని మేస్త్రి మాట కాదు, నా మాట కూడా కాదు, గ్లవ్ బాక్సులో కవరు విప్పకుండా పడున్న ఆ పుస్తకం మాట వినండి.

బైకులవాళ్లకి ఇంకో సంగతి. మా మేనల్లుడు కారుకి తెచ్చిన నూనె మిగిలితే, పారెయ్యడం ఎందుకని బైకులో పోశాడు. మామయ్యకి నూనె గురించి ఇంత తెలుసు, మేనల్లుడికి ఇంత! తర్వాత ఆదివారం భార్యని ఎక్కించుకుని సింహాచలం కొండెక్కుతుంటే, ఇంజన్ గీపెడుతోంది గానీ బండి మాత్రం ఎక్కదు. క్లచ్ జారుతోంది. బైకులో క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయండీ. కారు నూనెల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, క్లచ్‌కి కావాల్సిందే రాపిడి. అందుకే బైకు నూనె డబ్బా మీద జాసో ఎంఏ, ఎంఏ2 అని రాస్తారు, జాసో అంటే జపాన్‌వాళ్ల ప్రమాణం. గేర్లు లేని స్కూటర్‌కి ఎంబీ. షాపువాడు మాటల్లో పడి ఏది చేతికొస్తే అది పోసేస్తాడు, చూసుకోవాల్సింది మనమే.

కొన్నిసార్లు మనమూ అనవసరంగా అనుమానిస్తాం, అదీ చెప్పాలి. డీజిల్ బండి ఉన్నవాళ్లు వారం తర్వాత గేజ్ తీసి, "నల్లగా ఉంది, మార్చనే లేదు" అంటారు. డీజిల్లో మసి ఎక్కువ, కొత్త నూనె కొద్ది రోజులకే నల్లబడుతుంది. రంగు చూసి దొంగ అనకండి. అలాగే, మాన్యువల్లో ఇన్ని లీటర్లని ఉంటే బిల్లులో కాస్త తక్కువ ఉంది, ఎగ్గొట్టారు అంటారు. ఎంత వంచినా పాత నూనె కొంత లోపల మిగులుతుంది. మొత్తం సామర్థ్యం వేరు, మార్చినప్పుడు పట్టేది వేరు. గేజ్ మీద గీత చెప్పిందే సత్యం.

ఇంకోటి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో, అంటే పొగ మీద కొత్త నిబంధన ప్రకారం చేసినవాటిలో, చాలావాటికి పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసిని కాల్చుకోవడానికి బండి అదనంగా డీజిల్ చల్లుకుంటుంది. రోజూ ఎం.వి.పి. నుంచి సిరిపురం, సిరిపురం నుంచి ఎం.వి.పి., అంతే తిరిగితే ఆ కాల్చడం పూర్తికాదు, డీజిల్ కొంత నూనెలోకి దిగుతుంది. గేజ్ మీద మట్టం పెరుగుతుంది! పెరిగిందంటే షాపువాడు ఎక్కువ పోశాడని తిట్టుకుంటాం. ఎక్కువ పోయడమూ ఉంది, అదీ చెడ్డదే, ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ ఆ నూనెని చిలికి నురగ లేపుతుంది. కానీ సర్వీసు రోజు సరిగ్గా ఉండి, రెండు నెలల తర్వాత పెరిగితే, అది షాపు తప్పు కాదు. అప్పుడప్పుడు ఆనందపురం హైవే మీదకి తీసుకెళ్లండి బండిని. దానికీ కాస్త గాలి తగలాలి.

సర్వీస్ రోజునే ఎందుకు చూసుకోవాలంటే ఇందుకే. ఆ రోజు మట్టం ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంటే, తర్వాత మాట్లాడ్డానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

నా తప్పు ఒకటి చెప్పి ముందుకెళ్తాను, లేకపోతే మీరు నన్ను మరీ పెద్దవాణ్ణి చేసేస్తారు. షోరూం కథ తర్వాత కోపంతో, ఇక నేనే చేసుకుంటానని సెల్లార్లోనే మొదలుపెట్టాను. నూనె దింపాను, పాత ఫిల్టరు విప్పాను, కొత్తది బిగించాను, స్టార్ట్ చేశాను. చేశానో లేదో, కింద చూస్తే పిచికారీ కొట్టినట్టు నూనె! పాత ఫిల్టరు రబ్బరు ఇంజన్‌కే అంటుకుపోయి ఉంది, దాని మీదే నేను కొత్త రబ్బరుతో ఇంకోటి బిగించాను. రెండు రబ్బర్లు. కొత్త నూనె అంతా నేల మీద. వాచ్‌మన్ వెళ్లి వడ్రంగి షాపులోంచి రంపపు పొట్టు గోనెడు తెచ్చి పోశాడు. మూడో నంబరు పార్కింగులో ఆ మరక ఇప్పటికీ ఉంది, ఆ ఫ్లాటువాళ్లు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. ముప్పై ఏళ్లు మెషీన్లతో గడిపినవాడిని, మోసం చేద్దామని కాదు కదా నేను చేసింది? తొందర. కోపం. అంతే. షాపుల్లో జరిగేవాటిలో చాలా భాగం ఇదేనని నాకు అనిపిస్తుంది. సాయంత్రం లోపు ఇన్ని బండ్లు బయటికెళ్లాలని పైనుంచి ఒత్తిడి, కింద నెలకి నాలుగు డబ్బులకి పనిచేసే కుర్రాడు, వాడి పని చూసే తీరిక ఎవరికీ లేదు. వాణ్ణి ఒక్కణ్ణి తిట్టి ఏం లాభం?

మరి ఎవర్ని నమ్మాలి అంటే, నా లెక్క ఒక్కటే. చూడనిచ్చేవాణ్ణి. షోరూంలో లోపలికి రానివ్వరు, లిఫ్టుల కింద దెబ్బలు తగులుతాయంటారు, అది నిజమే, దానికి నేను ఒప్పుకుంటాను. కానీ జాబ్ కార్డు మీద "పాత ఫిల్టరు, ఖాళీ డబ్బాలు డిక్కీలో పెట్టాలి" అని రాయించండి. ఆ ఒక్క వాక్యం రాస్తున్నప్పుడు ఎదుటివాడి మొహం చూడండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది. "తప్పకుండా సార్" అని రాసేవాడు వేరు, "ఎందుకు సార్, మా మీద నమ్మకం లేదా" అనేవాడు వేరు. పీపా నూనె వాడే చోట డబ్బాలు ఉండవు, అప్పుడు గ్రేడు బిల్లులో రాయమనండి.

ఖాళీ డబ్బా తెచ్చుకుంటే దానికో మేకు గుచ్చి పారెయ్యండి. అలాగే పారేస్తే అది పాత సామాన్లవాడి దగ్గరికి వెళ్లి, ఎక్కడో మళ్లీ నిండి, కొత్త మూతతో షాపుకొస్తుంది. మార్కెట్ కన్నా బాగా తక్కువకి వస్తోందంటే అదేదో ఆలోచించుకోండి.

ఫ్రీ సర్వీసు అనే మాట మీద ఒక చిన్న మాట. ఫ్రీ అంటే కూలి ఒక్కటే. నూనెకీ ఫిల్టరుకీ డబ్బులే. అందులోకి ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్ అని ఎక్కిస్తారు. మాన్యువల్లో లేనిది వద్దనండి, అంతే.

వారంటీ భయం చాలామందికి ఉంది, బయట చేయిస్తే పోతుందేమో అని. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ న్యాయంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ పరికరాలూ బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని. బయట పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు అనకూడదని, ఆ పనివల్ల చెడిపోయినంత మేరకే కాదనొచ్చని అందులో చెప్పింది. తర్వాత దాని మీద అప్పీళ్లు నడిచాయి. ఆచరణలో కౌంటరు దగ్గర కూర్చున్నవాడు మీతో వాదిస్తాడు, అది వేరే విషయం. నా సలహా అడిగితే, వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూంకే వెళ్లండి, చుక్క పెట్టుకుని వెళ్లండి. వారంటీ అయ్యాక మంచి చెయ్యి వెతుక్కోండి, నూనె మీరే కొని పట్టుకెళ్లండి.

బిల్లు మాత్రం ఎక్కడైనా తీసుకోండి. 2019 వినియోగదారుల చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే ఒక తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు.

ఇంట్లో మార్చుకునేవాళ్లు, నాలాంటి సాహసులు, దింపిన నూనె గెడ్డలో, అదే కాలువలో, పొయ్యకండి. మన గెడ్డలన్నీ ఎక్కడికి పోతాయో నేను చెప్పాలా?

ప్రశ్నలా? అడగండమ్మా. ఏంటంటున్నారంటే, ఆడవాళ్లం ఒక్కళ్లం వెళ్తే అదీ ఇదీ పోయిందని లిస్టు పెంచేస్తారు, ఏం చెయ్యాలి అని. నిజమేనమ్మా, నేను చూశాను. వెళ్లేముందు రోజు మాన్యువల్లో ఆ కిలోమీటర్లకి ఏమేం రాశారో ఆ పేజీ ఫోటో తీసుకోండి. కౌంటరు దగ్గర ఫోను చూపించి "ఇవి చెయ్యండి, ఇంకేమైనా ఉంటే ముందు ఫోన్ చెయ్యండి" అనండి. ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆ పేజీ చూపించగానే గొంతు మారుతుంది.

ఇంకా? టీ వచ్చేసినట్టుంది. మిగతావి కింద మాట్లాడుకుందాం. నా కారు నిన్న సాయంత్రం నుంచి కదల్లేదు, నూనె అంతా చాంబర్లోకి దిగి ఉంటుంది, గేజ్ చూడ్డానికి ఇదే మంచి టైము. ఎవరైనా ఒక పాత గుడ్డ పట్టుకురండి. ఫిల్టరు మీద చుక్క కూడా చూపిస్తాను. ఈసారి రంగు మార్చాను, అది మాత్రం ఎవరికీ చెప్పకండి.